తిలా పాపం తలా పిడికెడు: పంచుకుంటే తప్పు తరుగుతుందా?

ఒక కుంభకోణం బయటపడినప్పుడో, ఒక పరీక్షాపత్రం లీకైనప్పుడో, నాసిరకం పనుల వల్ల ఒక వంతెన కుంగినప్పుడో, ఎవరెవరి చేతులు అందులో ఉన్నాయో పత్రికలు ఒకటి రెండు రోజులు వివరంగా రాస్తాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు "తిలా పాపం తలా పిడికెడు" అంటారు, చర్చ అక్కడితో ఆగిపోతుంది. ఆ సామెత ఎంత సొగసైనదో నాకు తెలుసు. ఉమ్మడిగా చేసిన తప్పును నాలుగు మాటల బిగువులో చెప్పగల ఇంకొక మాట మన భాషలో కనబడదు. అయినా ఈ మధ్య దానిని వాడుతున్న తీరు నన్ను కలవరపెడుతోంది. అందరిదీ తప్పే అన్న మాట, వినేవారి చెవిలో ఎవరిదీ తప్పు కాదన్న మాటగా మారిపోతోంది.

తిలలు అంటే నువ్వులు. పితృకార్యాల్లో నువ్వుల దానం పట్టినవాడికి దాతల పాపం కూడా అంటుకుంటుందని ఒక నమ్మకం ఉండటం వల్ల ఆ దానానికి తొందరగా ఎవరూ చేయి చాపేవారు కారు. ఆ పాపం ఒక్కడి నెత్తిన పడకుండా తలా ఒక పిడికెడు తీసుకుంటే ఎవరి భారం వారికి తేలికవుతుందన్న ఊహ ఈ సామెతలో ఉంది. నువ్వుల విషయంలో ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే కుప్పను పదిమంది పంచుకుంటే ఒక్కొక్కరికి పదో వంతే వస్తుంది. తప్పు విషయంలో మాత్రం ఆ భాగహారం చెల్లదని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

మన పెద్దలకు ఈ సంగతి తెలియక కాదు. బోయగా దారిదోపిడీలు చేసిన రత్నాకరుణ్ణి మునులు ఆపి, నీ సొమ్ము తింటున్న భార్యాబిడ్డలు నీ పాపంలో కూడా పాలు పంచుకుంటారేమో అడిగి రమ్మన్న కథ పిల్లలందరూ విన్నదే. తిండి పెట్టడం నీ బాధ్యత, ఆ తిండిని ఎట్లా తెచ్చావన్నది నీ సంగతి అని ఇంటివారు తేల్చి చెప్పడంతో అతడు మారిపోయి వాల్మీకి అయ్యాడని కథ. ఆ ఇంటివారి జవాబును చిన్నప్పుడు విన్నప్పుడు న్యాయంగానే అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే, సొమ్ము ఎక్కడిదో తెలిసి తింటున్నవారికి అంత సులభంగా చేతులు దులుపుకునే హక్కు ఉందా అన్న ప్రశ్న కథ ముగిసిన తర్వాత కూడా మిగిలే ఉంటుంది. దానికి సమాధానం లాంటి శ్లోకం ఒకటి పండితుల నోట తరచూ వినబడుతుంది: "కర్తా కారయితా చైవ ప్రేరకశ్చానుమోదకః, సుకృతే దుష్కృతే చైవ చత్వారః సమభాగినః." చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు, ఈ నలుగురూ పుణ్యంలోనైనా పాపంలోనైనా సమాన భాగస్వాములని దాని భావం. ఇక్కడ భాగం అన్న మాట ఉంది కాబట్టి నాలుగో వంతు చొప్పున అని అర్థం చెప్పుకునేవారున్నారు. నలుగురూ ఒకే పీట మీద కూర్చుంటారన్నదే దాని ఉద్దేశమని నా నమ్మకం, ఎందుకంటే మంచి పనిని ఆమోదించిన వాడికి పుణ్యం దక్కినంత మాత్రాన చేసినవాడి పుణ్యం తరగడమన్నది మన ఆలోచనలోనే లేదు.

చట్టం ఈ విషయంలో ఇంకా స్పష్టంగా ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 34వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 3(5)గా నిలిచింది. పలువురు తమ అందరి ఉమ్మడి ఉద్దేశాన్ని నెరవేర్చుకోవడానికి ఒక నేరం చేస్తే, వారిలో ప్రతి ఒక్కరూ ఆ పనిని తాము ఒక్కరే చేసినట్టుగా బాధ్యులవుతారని ఆ నిబంధన చెబుతుంది. "తాను ఒక్కడే చేసినట్టుగా" అన్న ఆ మాటలో పిడికెళ్ల లెక్కకు చోటు లేదు, ప్రతి తల మీదా కుప్ప మొత్తం ఉంటుంది.

దీనికి న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదివే ఉదాహరణ ఒకటుంది. 1923 ఆగస్టు 3న కలకత్తాలోని శంకరీతోలా పోస్టాఫీసులో పోస్టుమాస్టరు వెనక గదిలో డబ్బు లెక్కపెట్టుకుంటున్నాడు. కొందరు పిస్తోళ్లతో గుమ్మంలోకి వచ్చి డబ్బు ఇమ్మన్నారు, వెంటనే కాల్చారు, ఆయన ప్రాణాలు పోయాయి. పారిపోతున్న వారిలో బారేంద్ర కుమార్ ఘోష్ అనే అతణ్ణి చేతిలో పిస్తోలుతో సహా పట్టుకున్నారు. తాను గదిలోకి వెళ్లలేదని, భయంతో బయట ఆవరణలోనే నిలబడి ఉన్నానని అతడు వాదించాడు. ఆ వాదన నిజమే అనుకున్నా శిక్ష తప్పదని లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, అంటే అప్పటి మన ఆఖరి అప్పీలు కోర్టు, తేల్చింది. నిలబడి కాచుకుని ఉన్నవారు కూడా సేవ చేసినవారే అన్న ఒక ఆంగ్ల కవి పంక్తిని న్యాయమూర్తి ఆ సందర్భంలో గుర్తుచేశారు. దేవుడి సేవను గురించి రాసిన పంక్తి నేరస్థుల కాపలాను గురించి చెప్పడానికి పనికివచ్చింది.

అయితే అదే ప్రీవీ కౌన్సిల్ 1945లో మహబూబ్ షా కేసులో ఈ సూత్రానికి గట్టి హద్దు గీసింది. సింధు నది ఒడ్డున రెల్లు కోత విషయంలో మొదలైన గొడవలో, తమవాడి కేక విని ఇద్దరు తుపాకులతో పరుగెత్తుకొచ్చారు. ఒకరి గుండుకు ఒక మనిషి చనిపోయాడు, రెండోవాడి గుండుకు మరొకరు గాయపడ్డారు. రెండోవాడికి పడిన హత్యానేరపు శిక్షను కౌన్సిల్ కొట్టివేసింది. ఇద్దరిదీ ఒకే రకమైన ఉద్దేశం కావచ్చు, కానీ ముందుగా అనుకుని ఏర్పరచుకున్న ఉమ్మడి ఉద్దేశం అక్కడ కనబడలేదన్నది కారణం. పక్కన ఉన్నంత మాత్రాన, ఒకే కోపం ఉన్నంత మాత్రాన మనిషి భాగస్వామి అయిపోడు. పూర్తి భారం వేసే సూత్రం కాబట్టే అది ఎవరి మీద పడాలో చాలా జాగ్రత్తగా చూడవలసి వస్తుంది.

ఈ జాగ్రత్తను మన రోజువారీ మాటల్లోనూ చూపగలిగే సంపద తెలుగుకు ఉంది. తప్పులో ఒక మనిషి చోటును చెప్పడానికి మనకు ఎన్ని పలుకుబళ్లున్నాయో చూడండి. కూడబలుక్కున్నారంటే ముందే కూర్చుని మాట ఒకటి చేసుకున్నారని. కొమ్ముకాశాడంటే తన పలుకుబడిని తప్పు చేసినవాడికి అడ్డుపెట్టాడని. వత్తాసు పలికాడంటే పక్కన చేరి సమర్థించాడని. వంతపాడాడంటే సొంత మాట లేకుండా అవతలివాడి మాటనే తిరిగి పలికాడని. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా నిలబడే వంతలు కథను నడిపించే గొప్ప కళాకారులు. వారి పేరు ఇట్లా నిందగా మారడం నాకు బాధగానే ఉంటుంది. చూసీచూడనట్టు వదిలేశాడంటే ఆపగల చోట ఉండి ఆపలేదని. తోడుదొంగ అంటే ఇక వివరణ అక్కర్లేదు. ఈ మాటలన్నీ వేరువేరు ఆరోపణలు, వేరువేరు సాక్ష్యాలు కోరేవి. వీటన్నిటినీ పక్కన పెట్టి ప్రతి దానికీ "కుమ్మక్కు" అనేయడం ఇప్పుడు అలవాటయింది.

కుమ్మక్కు అన్న మాట చరిత్ర తెలిస్తే దాన్ని ఇంత చవకగా వాడబుద్ధి కాదు. పారశీకంలో కుమక్ అంటే సహాయం, యుద్ధంలో అదనపు బలగం. టర్కీ భాషల నుంచి పారశీకానికి, అక్కడి నుంచి ఉర్దూ ద్వారా దక్కన్‌కు వచ్చిన మాట అది. అడవి ఏనుగులను అదుపు చేయడానికి తోడుగా తీసుకెళ్లే శిక్షణ పొందిన ఏనుగులను కుమ్కీ ఏనుగులనడం కూడా ఆ మాట నుంచి వచ్చినదే. 2025లో కర్ణాటక నుంచి ఆంధ్రప్రదేశ్‌కు అట్లాంటి ఏనుగులు వచ్చినప్పుడు ఆ పేరు మన పత్రికల్లో బాగా వినబడింది. ఏనుగుల దగ్గర ఇంకా సహాయమే అయిన మాట, మనుషుల దగ్గరకు వచ్చేసరికి రహస్య సహాయమయింది, ఆపైన చేయకూడని సహాయమయింది. అంటే ఎదిరించవలసినవాడు, కాపాడవలసినవాడు, లెక్క అడగవలసినవాడు లోపాయికారీగా అవతలివాడికి తోడుపడినప్పుడే కుమ్మక్కు అన్న మాట నిండుగా పలుకుతుంది. దొంగకు దొంగ తోడైతే ముఠా, దొంగకు కాపలాదారు తోడైతే కుమ్మక్కు. కంచే చేను మేసిందని మన రైతులు చెప్పుకునేది సరిగ్గా ఈ రెండో రకాన్నే.

మిలాఖత్ సంగతీ ఇంతే. ఉర్దూలో ములాఖాత్ అంటే కేవలం కలుసుకోవడం. చంచల్‌గూడ జైలు గేటు దగ్గర వరుసలో నిలబడిన కుటుంబాలకు ములాఖత్ అంటే ఇప్పటికీ తమవాడి ముఖం చూడటమే, అందులో తప్పు వాసన లేదు. రాజకీయ వార్తల్లోకి వచ్చేసరికి రెండు పార్టీలు మిలాఖత్ అయ్యాయంటే లోపల ఒప్పందం కుదిరిందని. ఇద్దరు నాయకులు ఒక పెళ్లి విందులో ఎదురుపడి నమస్కారం చేసుకున్నా ఆ మాట వాడేస్తున్నారు. లాలూచీలోనైతే లాలచ్, అంటే దురాశ, వినబడుతూనే ఉంటుంది కనుక, లాభం లేని చోట లాలూచీ అనడం పొసగదు. ఎన్నికల కాలంలో ఈ మూడు మాటలూ ఒకే ప్రసంగంలో ఒకదాని వెంట ఒకటి దొర్లుతుంటాయి, ఏ ఒక్కదానికీ రుజువు చూపవలసిన అవసరం ఉన్నట్టు ఎవరికీ తోచదు.

పదాల తేడా వల్ల ఒక మనిషి బతుకే అటో ఇటో అయ్యే సందర్భాలు నేను దగ్గరగా చూశాను. నాంపల్లి కోర్టుల దగ్గర కాగితాలను ఇంగ్లిషు నుంచి తెలుగులోకి మార్చి ఇచ్చే పని నాది. ఒక రోజు ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన చార్జిషీటు తెచ్చి నా ముందు పెట్టింది. ఒక ఇంట్లో జరిగిన దొంగతనం కేసు, ముగ్గురు నిందితులు, అందులో ఏ3 ఆమె కొడుకు. నేను చదివి తెలుగులో చెబుతుంటే ఆమె మధ్యలో ఆపింది. "మా పోరడు తాళం పగలగొట్టలే సార్, లోపటికి గూడ పోలే. బయట ఆటోల కూసున్నడంతే. గీ కాయితంల ముగ్గుర్నీ ఒక్క తీరుగనే రాసిండ్రు, గదెట్ల?" ప్రతి సెక్షన్ చివరా "రెడ్‌విత్ 3(5)", అంటే 3(5)తో కలిపి చదవాలని, టైపు చేసి ఉంది. ముగ్గురినీ కలిపి కట్టిన తాడు అదే.

ఏ1, ఏ2, ఏ3 అన్నవి వరుస సంఖ్యలే తప్ప తప్పు బరువును చెప్పే కొలతలు కావని ఆమెకు ముందు చెప్పాను, ఎందుకంటే మూడో నంబరు కాబట్టి మూడో వంతు శిక్షేమో అన్న ఆశ ఆమె గొంతులో ఉంది. ఆ తర్వాత, "అమ్మా, వాళ్లను ఆటో ఎక్కించుకున్నప్పుడు, వాళ్లు ఏ పని మీద పోతున్నారో మీ అబ్బాయికి తెలుసా?" అని అడిగాను. "గది వాన్నే అడగాలె సార్" అంది. ఆమె అన్న ఆ మాటలోనే కేసు అంతా ఉంది. తెలిసి బయట కూర్చుంటే అతడు శంకరీతోలాలో ఆవరణలో నిలబడిన మనిషి లాంటివాడు. తెలియక కూర్చుంటే కిరాయికి వచ్చిన ఆటోడ్రైవరు. చేసిన పని రెండు సందర్భాల్లోనూ ఒకటే, హ్యాండిల్ పట్టుకుని రోడ్డు మీద ఎదురుచూడటం. ఆమెను అక్కడి నుంచి కొడుకు తరఫు వకీలు దగ్గరకు పంపాను, అతడు మాట్లాడవలసింది ఆ ఒక్క విషయం మీదేనని కాగితం వెనక రాసి ఇచ్చాను.

తెలిసి ఉండటం తర్వాత వచ్చే ప్రశ్న మరింత కష్టమైనది. తెలిసి ఊరుకున్నవాడి మాటేమిటి? శ్లోకంలోని అనుమోదకుడు, అంటే మనసులోనో నోటితోనో సరే అన్నవాడు, ధర్మం ముందు దోషి అయినా చట్టం ముందు అన్ని వేళలా కాడు. భారతీయ న్యాయ సంహిత 45వ సెక్షన్ నేరానికి తోడ్పడటాన్ని మూడు విధాలుగా చెబుతుంది: ఉసిగొల్పడం, కుట్రలో చేరడం, కావాలని సహాయపడటం. ఈ మూడో దానిలో చేసిన పనితో పాటు, చట్టప్రకారం చేయవలసి ఉండి చేయకపోవడాన్ని కూడా చేర్చారు. అందువల్ల దారిన పోయే మనిషి మౌనం ఒకటి, కాపలాకు జీతం తీసుకుంటున్న మనిషి మౌనం మరొకటి. మౌనం అర్ధాంగీకారం అన్న మన మాటను అందరికీ ఒకే తూకంతో వర్తింపజేయడం అన్యాయం. భయపడి ఊరుకున్న అద్దెదారునీ, ఫైలు మీద సంతకం చేసే అధికారం ఉండి ఊరుకున్న అధికారినీ ఒకే గాటన కట్టలేం.

తిక్కన ఈ తేడాను ఒక్క మాటతో పట్టుకున్నాడు. ఉద్యోగపర్వంలో కౌరవసభకు రాయబారిగా వచ్చిన కృష్ణుడు, పాపం చేత ధర్మమూ బొంకు చేత సత్యమూ చెడిపోతున్న స్థితిలో "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" అంటాడు. దక్షులు అన్న మాటను గమనించండి. ఆపగల శక్తి ఉన్నవారు ఉపేక్షిస్తే అది వారికే చేటు అంటున్నాడు తప్ప సభ బయట ఉన్న జనాన్ని అనడం లేదు. ద్రౌపదిని సభకు ఈడ్చిన నాడు అది తప్పని తేల్చి చెప్పని భీష్మద్రోణుల వంటి పెద్దలు ఈ మాట వింటున్నారన్నది ఆ పద్యానికున్న బలం. ఆనాడు వికర్ణుడు, వయసులో చిన్నవాడు, కౌరవుల్లో ఒకడు, లేచి అది తప్పని చెప్పగలిగాడు కాబట్టి చెప్పడం సాధ్యమేనని కూడా అందరికీ తెలుసు. ఉపేక్ష అన్న ఈ మంచి మాటను మనం "నిర్లక్ష్యం" అన్న చప్పటి మాటతో మార్చేసుకున్నాం. నిర్లక్ష్యంలో పరాకు ఉంది, ఉపేక్షలో చూస్తూ ఊరుకోవడం ఉంది.

మన నగరమే ఈ పదాల మధ్య కొట్టుమిట్టాడిన కాలం ఒకటుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ లెక్కల్లో వేల కోట్ల రూపాయల అవకతవకలను ఒప్పుకుంటూ లేఖ రాసిన తర్వాత, అన్నేళ్లు ఆ లెక్కలు చూసిన ఆడిటర్ల గురించి హైదరాబాద్‌లో ప్రతి ఆఫీసులోనూ మాట్లాడుకున్నారు. వారు కుమ్మక్కయ్యారా, ఉపేక్షించారా, వారూ మోసపోయారా అన్నవి మూడు ప్రశ్నలు. 2015 ఏప్రిల్‌లో ఇక్కడి ప్రత్యేక కోర్టు ఇద్దరు ఆడిటర్లతో సహా 10 మందిని దోషులుగా నిర్ణయించింది, వారు అప్పీలుకు వెళ్లగా శిక్షను పై కోర్టు నిలిపివేసింది. ఆరేళ్ల విచారణ అవసరమైన ప్రశ్నకు జనం మొదటి వారంలోనే ఒకే మాటతో తీర్పు చెప్పేశారు.

చెరువుల విషయంలో ఇప్పుడు జరుగుతున్నదీ అదే. 2024 జులైలో చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడి, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే గీత) హద్దుల్లో ఉన్న కట్టడాలను కూల్చడం మొదలైనప్పుడు, ఆ ఇళ్లలో ఉన్న ప్రతి ఒక్కరికీ కబ్జాదారు అన్న పేరు పడింది. చెరువు శిఖమని, అంటే నీరు నిలిచే భూమి అని, తెలిసి రాత్రికి రాత్రి మట్టి పోయించి ప్లాట్లు చేసినవాడు కబ్జాదారే, అందులో సందేహం లేదు. చవకగా వస్తోంది కదా అని హద్దురాయిని చూసి కూడా కొన్నవాడు తెలిసి చేరిన భాగస్వామి. కానీ రిజిస్టరు అయిన దస్తావేజు, అనుమతి కాగితం, బ్యాంకు అప్పు అన్నీ చూసుకుని, ఇరవై ఏళ్ల జీతం కుదువపెట్టి కొన్న మనిషిని ఆ వరుసలో నిలబెట్టడం నాకు ఎంత మాత్రమూ సమ్మతం కాదు. అతనికి ఆ భూమిలో నీరుండేదని చెప్పవలసిన వారెవరూ చెప్పలేదు. చెప్పవలసినవారు చెప్పకపోవడాన్ని ఉపేక్ష అనాలి, చెప్పకుండా ఉండటానికి డబ్బు తీసుకుని ఉంటే అప్పుడు కుమ్మక్కు అనాలి.

వీరిలో ఎవరు ఏ మాటకు తగినవారో ఊహించవలసిన అవసరం లేదు. లేఅవుట్ అనుమతి మీద ఒక నంబరు, ఒక తేదీ, ఒక సంతకం ఉంటాయి. దస్తావేజులో సర్వే నంబరు ఉంటుంది. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ చెరువుల పటాల్లో ఎఫ్‌టీఎల్ గీత ఏ సర్వే నంబర్ల మీదుగా పోతుందో ఉంటుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఆ అనుమతి ఫైలు నకలు అడగవచ్చు, సంతకం చేసిన తేదీ నాటికి ఆ గీత సంగతి సంతకం చేసినవారి ముందున్న ఫైలులో ఉందో లేదో అందులోనే కనబడుతుంది.